టర్బో గద్యం

పారేసిన పొగను పట్టుకుని తిరిగేదానా, సెగ మింగి గాలి పంచేదానా, సుళ్లు తిరిగిన ఇనుప గూట్లో నిమిషానికి లక్ష చుట్లు చుట్టేదానా, నీకు దండం. దేవుళ్లకు దండకాలున్నాయి, రాజులకు గద్యాలున్నాయి. బరువు లాగేవాళ్లకు, మసి పూసుకుని కనపడకుండా పనిచేసేవాళ్లకు ఎవరూ ఏదీ కట్టలేదు. ముసలి లారీ గుండె పక్కన కూర్చున్న టర్బో, ఇది నీ కోసం, షెడ్డు భాషలో.

సాలూరు లారీల ఊరు. వేగావతి ఒడ్డున పుట్టి లారీల మీద పెరిగిన ఊరు. ఊరు దాటగానే తూర్పు కనుమలు అడ్డం లేస్తాయి. పి.కోనవలస ఘాటీ మలుపులు ఎక్కితే సుంకి, అక్కడినుంచి ఒడిశా. ఇంకా పైకి పోతే సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన కొరాపుట్. ఆ దారే జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ చేరుతుంది. విశాఖలో సరుకెత్తుకున్న పది టైర్ల పాత టాటా 2515 ఇక్కడిదాకా తన కాళ్ల మీద నడిచొస్తుంది. ఇక్కడినుంచి నీ భుజం మీద ఎక్కుతుంది.

క్యాబిన్‌లో ఇంజిన్ మూత ఎత్తితే కమిన్స్ 6బీటీ. ఆరు సిలిండర్లు, 5.9 లీటర్ల పొట్ట. నిమిషానికి 2,500 చుట్లు తిరిగేటప్పుడు నువ్వు తోడు లేకుండా అది పీల్చగలిగింది మహా అయితే నిమిషానికి 7,400 లీటర్ల గాలి. ఒక్క లీటరు డీజిల్ కాలాలంటే సుమారు 10,000 లీటర్ల గాలి కావాలి, పొగ రాకుండా కాలాలంటే అంతకంటే ఎక్కువే కావాలి. డీజిల్‌దేముంది, పంపు పోస్తుంటే పోస్తూనే ఉంటుంది. దొరకనిది గాలి. ఘాటీలో గేరు తగ్గించి స్టీరింగు మీదికి వంగిన డ్రైవరు అడిగేది బలం అనుకుంటాం. అతను అడిగేది ఊపిరి.

ఆ ఊపిరి నువ్వు తెస్తావు, అదీ ఎవరికీ అక్కర్లేని దాంట్లోంచి. తాగిన డీజిల్ శక్తిలో ఇంచుమించు మూడోవంతు సైలెన్సర్ దారిన పోతుంది. నిండు బరువు మీద ఆ సెగ 600 డిగ్రీలు దాటుతుంది. పోయేదాన్ని పోనివ్వకుండా దాని దారిలో నీ చక్రం ఒకటి నిలబడుతుంది, నికెల్ మిశ్రమంతో పోసింది, అంత సెగలోనూ ఒళ్లు వంగనిది. అదే ఇరుసుకు అటు చివర అల్యూమినియం చక్రం. పొగ నికెల్ చక్రాన్ని తోస్తే అల్యూమినియం చక్రం గాలిని తోడి నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. మధ్యలో బెల్టు లేదు, గొలుసు లేదు, గేరు లేదు. కొలిమి దగ్గర తిత్తి ఊదడానికి మనిషి కావాలి. నీ దగ్గర నిప్పే తన తిత్తిని తాను ఊదుకుంటుంది. బరువు పెరిగితే మంట పెరుగుతుంది, మంట పెరిగితే నీ వేగం పెరుగుతుంది, నీ వేగంతో గాలి పెరుగుతుంది. అడక్కుండానే ఇచ్చే గుణం నీకు ఎవరూ నేర్పింది కాదు, నీ కట్టుబడిలోనే ఉంది. అరచేతిలో పట్టే ఆ గాలి చక్రం లక్ష చుట్ల దగ్గర తిరిగేటప్పుడు దాని అంచు ధ్వనిని దాటిపోతుంది.

నీ ఊహ పుట్టింది స్విట్జర్లాండ్‌లో. వింటర్‌థూర్‌లో పుట్టిన ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లో నీకు పేటెంటు రాయించాడు. కాగితం మీది నువ్వు పెద్ద డీజిల్ ఇంజిన్ల మీద గట్టిగా నిలబడేసరికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఈలోపు 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఆయన లిబర్టీ విమాన ఇంజిన్‌ను ట్రక్కు మీద బిగించి కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరానికి ఎక్కించాడు. 14,000 అడుగులు దాటిన ఎత్తు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ అక్కడి పల్చటి గాలిలో 230కి పడిపోయింది. నిన్ను తగిలిస్తే 356 ఇచ్చింది. కొండెక్కి రొప్పేవాళ్లకు ఊపిరి అందించడం నీ చిన్ననాటి విద్య. సాలూరు ఘాటీ ఆ శిఖరం ముందు మరుగుజ్జే కావచ్చు. కానీ ఇక్కడ నీ వెనక బండీ సరుకూ కలిసి 25 టన్నులు వేలాడుతుంటాయి.

వేగం చూసి నిన్ను పొగిడేవాళ్లు చాలామంది. నా మొక్కు నీ నడుముకు.

నీ ఇరుసు కింద గుండ్ల బేరింగులు లేవు. రెండు కంచు బుష్షులున్నాయి. వాటి లోపల నూనె, వాటి బయట నూనె. ఇరుసు నూనెలో తేలుతుంది. బుష్షు కూడా నూనెలో తేలుతూ, ఇరుసు అంత కాకపోయినా తన వంతు తాను తిరుగుతుంది. లోహం లోహాన్ని తాకదు. వాటిని విడదీసే పొర వెంట్రుకంత మందం కూడా ఉండదు. ఒక చివర మంట, ఒక చివర రోడ్డు గాలి, నడుమ ఆ పొర. నిన్ను తేల్చేదీ అదే, నీ వేడిని మోసుకుపోయేదీ అదే. తలచుకుంటే నీకంటూ సొంతమైంది ఏదీ లేదు. సెగ ఇంజిన్ ఇచ్చింది. గాలి ఫిల్టర్ ఇచ్చింది. నూనె పంపు పంపింది. ఆ ముగ్గురూ ధర్మం తప్పకుండా ఉన్నంతకాలం నువ్వు లక్షల కిలోమీటర్లు తిరుగుతావు. ఒకరు తప్పినా ముందు కూలేది నువ్వే. అందుకే షెడ్డులో పెద్ద మేస్త్రీలు అనే మాట నేను గట్టిగా నమ్ముతాను: టర్బో తనంతట తాను చావడం అరుదు, దాన్ని వేరే ఏదో చంపుతుంది. ఆ చంపింది ఏదో పట్టుకోకుండా కొత్తది బిగించడమంటే, కొత్తదాన్ని కూడా అదే చేతికి అప్పగించడం.

“బండి లాగట్లేదు మేస్త్రీ,” అంటాడు డ్రైవరు, కాలు కింద పెట్టీ పెట్టకముందే. “ఘాటీలో రెండో గేరు మీద కూడా మొరాయిస్తంది. ఎనకంతా నల్లపొగ. టర్బో పోయింది, మార్చీ.”

“మారుద్దాం లే తమ్ముడూ. ముందు చెప్పు, ఎప్పట్నుంచి ఇలాగుంది? ఉన్నట్టుండి తగ్గిందా, రోజురోజుకీ తగ్గతా వచ్చిందా? ఆయిల్ తింటందా? ఈల ఏమైనా మారిందా? ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడేశావు?”

చూడు, ఇంకా పానా ముట్టలేదు. వైద్యం మొదలైపోయింది. ఉన్నట్టుండి తగ్గితే పైపు ఊడిందేమో, హోస్ చీలిందేమో. మెల్లమెల్లగా తగ్గితే ఫిల్టర్ మూసుకుపోతోందేమో, నీ నడుము అరుగుతోందేమో. రోగి మాటల్లో సగం రోగం ఉంటుందని తెలిసినవాడే నీ మీద చెయ్యి వెయ్యడానికి తగినవాడు.

పొగకు భాష ఉంది. నల్లపొగ అంటే డీజిల్ ఉంది, దానికి సరిపడా గాలి లేదు. నీలిపొగ అంటే ఎక్కడో ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ అంటే కాలకుండా ఆవిరైన డీజిల్, లేదా లోపలికి చేరిన నీళ్లు. నల్లపొగ చూసి నీ మీద వేలు చూపించేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. గాలి తక్కువ కావడానికి నీకంటే ముందు వరసలో చాలామంది ఉన్నారు. దుమ్ముతో గట్టిపడ్డ ఫిల్టర్, క్లిప్పు వదులైన హోస్, నీ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు గొట్టం అంచున పగులు, చుక్కలు కార్చే నాజిల్. మ్యానిఫోల్డు ప్యాకింగు కాలిపోయి పొగ నీ దాకా రాకముందే పక్కకు తప్పించుకుంటే నీకు తిండే లేదు, ఇక నువ్వు తిరిగేదేమిటి? తప్పు వంద రూపాయల క్లిప్పుది, శిక్ష నీకు. అలా ఏ పాపం ఎరగకుండా విప్పి మూల పడేసిన టర్బోలను ఎన్నింటినో చూశాను. ఆ మూలను దాటేటప్పుడు ప్రాణం చివుక్కుమంటుంది.

మేస్త్రీ చెయ్యి ముందు హోస్ పైపుల వెంట నడుస్తుంది. గాలి తప్పించుకునే చోట సన్నటి నూనె ఆవిరి దుమ్ముతో కలిసి నల్లటి తడి మరక కడుతుంది. మ్యానిఫోల్డు దగ్గర పొగ తప్పించుకుంటే పొడి మసి చార పడుతుంది. అనుమానం ఉంటే పైపు రెండు చివరలూ మూసి కొద్దిపాటి గాలి పట్టి సబ్బు నీళ్లు పూస్తాడు. బుడగ లేచిన చోటు దొంగ. తర్వాత క్లీనరు కుర్రాడు యాక్సిలరేటర్ తొక్కుతాడు, మేస్త్రీ కళ్లు మూసుకుని వింటాడు. ఒంట్లో బాగున్నప్పుడు నీది ఒకే సన్నని శ్రుతి, ఇంజిన్‌తో పాటు లేచి ఇంజిన్‌తో పాటు దిగుతుంది. హోస్ చీలితే అందులో బుస కలుస్తుంది. రెక్క గూటిని రాసుకుంటే గీరుడు వినపడుతుంది. ఇరుసు తూకం తప్పితే ఆ ఈల సైరన్ కూతగా మారి కిలోమీటరు దూరంలో ఉన్న హోటల్ దాకా వినపడుతుంది. అప్పటికి ఊళ్లో అందరికీ నీ రోగం తెలిసిపోయినట్టే.

నీలిపొగ సంగతి ఇంకా లోతు, ఇక్కడ తొందరపడిన వాళ్లు ఎక్కువగా నష్టపోతారు. నూనె నీ నెత్తి మీదినుంచి ఒత్తిడితో వస్తుంది. పాదాల కిందినుంచి మాత్రం కేవలం తన బరువుతో దిగిపోవాలి. ఆ దిగే పైపు నొక్కుకుపోయినా, లోపల మాడిన ఆయిల్ పెచ్చు కట్టినా, ప్యాకింగు ముక్క అడ్డుపడినా నూనె నీలోనే నిలిచిపోతుంది. ఇంజిన్ రింగులు అరిగి, ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ మూసుకుపోయి, క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగితే కింది ఆవిరి పైకి తోస్తుంటే పై నూనె కిందికి ఎలా దిగుతుంది? నీ రెండు చివరలా ఉన్నవి రబ్బరు సీళ్లు కావు, పిస్టన్ రింగుల జాతికి చెందిన సన్నని లోహపు రింగులు. పొంగి నిండిన నూనెను ఆపడం వాటి వల్ల కాదు. నూనె ఇటు పొగ వైపూ అటు గాలి వైపూ కారుతుంది. చూసినవాడు సీలు పోయిందంటాడు. కొత్త టర్బో వేస్తాడు. మర్నాడు ఘాటీలో మళ్లీ అదే నీలిపొగ. ఓనరు నెత్తి పట్టుకుంటాడు. పైపు ఒకసారి విప్పి లోపల తీగ దూర్చి చూసి ఉంటే ఆ డబ్బు అతని పిల్లల ఫీజుకు మిగిలేది.

ఇవన్నీ చూశాక, ఇంజిన్ చల్లారాక, ఫిల్టర్ వైపు పైపు విప్పి టార్చి వేస్తారు. నీ ముఖం కనపడుతుంది. వేలితో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరగాలి. ఒక పక్కకు నొక్కి పట్టుకుని తిప్పినా రెక్క గూటిని తాకకూడదు. పక్కలకు కాస్త ఆడుతుంది, దానికి హడలిపోనక్కర్లేదు. ఇంజిన్ ఆగి ఉంది, నూనె పొర లేదు, బుష్షు లోపలా బయటా ఉండాల్సిన ఖాళీయే వేలికి తగులుతోంది. నూనె వచ్చి నిండితే ఇరుసు మళ్లీ నడిమధ్యకు వస్తుంది. అసలు పరీక్ష ఇరుసును ముందుకు లాగి వెనక్కి తోయడంలో ఉంది. ఆ దారిలో ఆట మిల్లీమీటరులో పదోవంతుకు అటూ ఇటూ, అంతే. అది వేలికి టకటకమని తట్టిందంటే ముందు వెనకల ఆటను ఆపే థ్రస్ట్ బేరింగు అరిగిపోయింది. వేలు అబద్ధం చెప్పదు గానీ అంకె చెప్పలేదు. డయల్ గేజ్ పెట్టి, ఆ మోడల్ పుస్తకంలో రాసిన కొలతతో పోల్చాలి. గాలి చక్రం చుట్టూ గూటి గోడ మీద మెరిసే గీతలు కనిపిస్తే గేజ్ కూడా అక్కర్లేదు. అప్పుడు ఒప్పుకోవాలి, నీ కాలం తీరింది.

విప్పడం ఓపికకు పెట్టిన పరీక్ష. మ్యానిఫోల్డుకు నిన్ను పట్టి ఉంచిన నాలుగు నట్లూ ఏళ్ల తరబడి ఎర్రగా కాగి చల్లారి, కాగి చల్లారి, స్టడ్లతో ఏకమైపోయి ఉంటాయి. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలే ఆయిల్ పోసి నానబెట్టినవాడు తెలివైనవాడు. పొద్దున గ్యాసు మంటతో నట్టును వేడిచేసి, కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ విప్పి, బతిమాలి తియ్యాలి. పొడుగు పైపు తొడిగి ఒక్క ఊపు ఊపినవాడి చేతిలో స్టడ్ విరుగుతుంది, ఇక ఆ రోజు డ్రిల్లింగుకే సరిపోతుంది. పైన నూనె పైపు, కింద దిగుడు పైపు, అటు సైలెన్సర్ క్లాంపు, ఇటు గాలి గొట్టం. తెరిచిన ప్రతి నోటికీ వెంటనే శుభ్రమైన గుడ్డ కట్టాలి. ఒక్క వాషర్ జారి లోపల పడితే చేసిన పనంతా మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక బల్ల మీద నువ్వు. నన్నడిగితే మొత్తం పనిలో పవిత్రమైన ఘడియ ఇదే. చాలా షెడ్లలో దీన్ని దాటేస్తారు, పాతదాన్ని తుక్కులోకి విసిరి కొత్త డబ్బా చించుతారు. అలా చెయ్యకూడదు. నిన్ను వెలుతురులోకి తెచ్చి, తుడవకముందే ఒకసారి, తుడిచాక ఒకసారి చదవాలి. ఇంజిన్ తన ఓనరుకు చెప్పని సంగతులన్నీ నీ గాయాల్లో రాసి ఉంటాయి.

గాలి చక్రం రెక్కల అంచులు కత్తివాదరలా పల్చబడి, ఉప్పుకాగితంతో రుద్దినట్టు మెరుస్తుంటే దుమ్ము తాగావన్నమాట. ఫిల్టర్ చిరిగింది, లేదా ఫిల్టర్‌కూ నీకూ మధ్య గొట్టం పగిలింది. నువ్వు నోరు మూసుకోలేవు, ముందు ఏముంటే అది పీలుస్తావు. 1952లో ఇండియానాపోలిస్ 500 రేసులో కమిన్స్ వాళ్ల డీజిల్ కారు, ఫ్రెడ్ అగబాషియన్ నడిపింది, అర్హత పందెంలో మొదటి స్థానం దక్కించుకుంది. అసలు పందెంలో 71 చుట్ల తర్వాత ఆగిపోయింది.  నేలకు దగ్గరగా పెట్టిన నీ నోటిలోకి రోడ్డు మీది టైర్ల రబ్బరు చెత్త చేరి ఊపిరి మూసేసింది. అంతటి బండికి తప్పని మాట మన గనుల రోడ్ల మీద తిరిగే లారీకి తప్పుతుందా?

ఒకటో రెండో రెక్కలు మాత్రం నొక్కుకుని, మిగతావి బాగుంటే ఏదో గట్టి వస్తువు లోపలికి దూరింది. ఎవరో మరిచిపోయిన నట్టు, ఊడిన క్లిప్పు ముక్క. అదే దెబ్బ పొగ వైపు చక్రానికి ఉంటే భయపడాలి. ఆ ముక్క ఇంజిన్ లోపలినుంచి వచ్చింది. వాల్వు అంచో, రింగు తునకో, నాజిల్ మొనో, మ్యానిఫోల్డు లోపల ఊడిన పెచ్చో. అది ఏదో తేల్చకుండా స్టార్టు చెయ్యడం పాపం.

ఇరుసు మీద బుష్షు కూర్చునే చోట నీలం, ఊదా రంగులు తేలి ఉంటే నువ్వు దాహంతో చచ్చిపోయావు. నూనె ఆలస్యంగా వచ్చింది, లేదా రాలేదు. ఆ చోట చుట్టూ గుండ్రంగా గీతలు పడి, రంగు మాత్రం మారకపోతే నూనె వచ్చింది గానీ మురికితో వచ్చింది. మార్చాల్సిన వేళకు ఆయిల్ మార్చలేదు, చవక ఫిల్టర్ వేశారు. పొగ వైపు నడుములో నల్లటి బొగ్గు పెచ్చు గట్టిగా పేరుకుని ఉంటే, ఘాటీ ఎక్కొచ్చిన వేడి మీద, నువ్వింకా తిరుగుతుండగానే, టక్కున ఇంజిన్ ఆపేసే అలవాటు ఎవరికో ఉందన్నమాట. పంపు ఆగింది, నూనె నిలిచింది, సెగ మాత్రం నీలోకి పాకుతూనే ఉంది. నిలిచిన నూనె మాడింది. ఒకరోజు మాడితే ఏమీ కాదు. ఏళ్ల తరబడి రోజూ మాడితే దారే మూసుకుపోతుంది.

ఎవరి మీదా కోపంతో ఇవి చెప్పడం లేదు. కిరాయి అందితేనే గానీ ఈఎంఐ కట్టలేని ఓనరు ఆయిల్ మార్పు ఇంకో ట్రిప్పు వాయిదా వేస్తాడు. రెండు రాత్రులు నిద్రలేని డ్రైవరు దాబా కనపడగానే కీ తీసేస్తాడు. ఆ భారాలన్నీ తిరిగి తిరిగి చివరికి వెంట్రుకంత లేని ఆ నూనె పొర మీద పడతాయి. మోసినన్నాళ్లు మోస్తావు.

నీ స్థానంలో ఎవర్ని కూర్చోబెట్టాలి? ఇక్కడ ఓనరుకూ మేస్త్రీకీ గంటసేపు మాటలు నడుస్తాయి. కొత్త టర్బో ఖరీదు. గూళ్లు బాగుంటే కోర్ మాత్రమే తెప్పించొచ్చు, చక్రాలూ ఇరుసూ బేరింగులూ కలిపి తూకం చేసి కట్టిన నడిమి భాగం. విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు ఫోను చేస్తే దొరుకుతుంది. అన్నిటికంటే చవక రిపేరు కిట్టు, కొత్త బుష్షులూ రింగులూ తెచ్చి బల్ల మీదే వేసెయ్యడం. నా తీర్పు చెబుతాను. లక్ష చుట్ల దగ్గర రవ్వంత తూకం తేడా రాక్షసుడవుతుంది. బ్యాలెన్సింగ్ మెషీన్ ఎక్కని టర్బోను నేను నమ్మను, ఎంత గొప్ప చెయ్యి కట్టినా సరే. డబ్బు లేనప్పుడు మంచి కోర్ మధ్యే మార్గం. పేరు తెలియని డబ్బాలో వచ్చిన కొత్తదాని కంటే తూకం చూసి కట్టిన పాతదే మేలు.

బిగించడం కంటే ముందు కడగడం ఉంది. పాతది విరిగి ఉంటే దాని ముక్కలు పైపుల్లో, ఇంటర్‌కూలర్ గదుల్లో దాక్కుని ఉంటాయి. అది కక్కిన నూనె ఇంటర్‌కూలర్ అడుగున మడుగు కట్టి ఉంటుంది. ఈ మడుగును వదిలేస్తే జరిగేది ఘోరం. కొత్త టర్బో ఊదిన గాలికి ఆ నూనె లేచి సిలిండర్లలోకి పోతుంది, ఇంజిన్ దాన్నే డీజిల్‌లా కాల్చుకుని, కీ తీసినా పంపు ఆపినా ఆగకుండా పిచ్చెత్తినట్టు పరుగెత్తి ముక్కలవుతుంది. అందుకని ఇంటర్‌కూలర్ దించి, కడిగి, ఆరబెట్టాలి. ఇంజిన్ ఆయిల్ కొత్తది, ఆయిల్ ఫిల్టర్ కొత్తది, ఎయిర్ ఫిల్టర్ కొత్తది. నూనె తెచ్చే సన్న పైపు లోపల బొగ్గు ఉంటే కడగడం దండగ, మార్చెయ్యాలి. నూనె దారుల ప్యాకింగులకు గమ్ము పూయకూడదు. పిండిన గమ్ము లోపలికి ఉబ్బి, ఊడి, నీ గొంతులో చేరుతుంది. కంపెనీ ప్యాకింగు పొడిగా వేస్తే చాలు, దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

కొత్తదాన్ని కూర్చోబెట్టి నట్లు ఎదురెదురుగా, సమంగా బిగించాక, పై నూనె రంధ్రంలో మేస్త్రీ తన చేత్తో శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పోస్తాడు. పోస్తూ వేలితో చక్రాన్ని మెల్లగా తిప్పుతాడు, నూనె బుష్షుల చుట్టూ పాకేదాకా. పసిబిడ్డ నాలుకకు తేనె రాసే చేతుల్లో ఉండే నెమ్మది ఆ క్షణాన ఆ మసి చేతుల్లోనూ చూశాను. తర్వాత దిగుడు పైపు ఇంకా తగిలించకుండా, డీజిల్ ఆపి పట్టుకుని, స్టార్టరు మీద ఇంజిన్‌ను కాసేపు తిప్పుతారు. కింది రంధ్రంలోంచి నూనె ధారగా వచ్చిందా, దారి తెరుచుకున్నట్టు. రాకపోతే ఆగిపోవాలి. నూనె కంటికి కనపడని ఇంజిన్‌ను స్టార్టు చేసే హక్కు ఎవరికీ లేదు.

అప్పుడు స్టార్టు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకూడదు. నిమిషాలపాటు అలా ఊరికే నడవనివ్వాలి. మొదట కాస్త పొగ వస్తుంది, పైపుల్లో మిగిలిన నూనె అది, పోతుంది. మేస్త్రీ చెయ్యి మళ్లీ ప్రతి జాయింటు వెంటా నడుస్తుంది. తర్వాత మెల్లగా వేగం పెంచుతారు. ఆ ఈల లేస్తుంది, బుస లేదు, గీరుడు లేదు, ఒకే శ్రుతి. క్లీనరు కుర్రాడు తనకు తెలియకుండానే నవ్వుతాడు.

కొత్తదానా, నీకూ దండం. నీ మీద ఇంకా ఏ గాయమూ లేదు, ఏ రాతా లేదు.

“రాయపూర్ లోడేనా?” అడుగుతాడు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ.

“రాయపూరే మేస్త్రీ. రాత్రికి ఎక్కించేస్తాను.”

“ఎక్కించు. పొద్దున స్టార్టు చేశాక ఆయిల్ గేజ్ లేచేదాకా రేస్ కొట్టకు. ఘాటీ ఎక్కి ఆపితే రెండు మూడు నిమిషాలు ఇంజిన్ అలా తిరగనీ, అప్పుడు కీ తియ్యి. ఆ మూడు నిమిషాల డీజిల్ నా ఖాతాలో రాసుకో. తిరిగొచ్చేటప్పుడు ఇటే రా తమ్ముడూ, వేడెక్కి చల్లారాక ఆ నాలుగు నట్లూ ఇంకోసారి బిగించాలి.”